అత్తమ్మ కొంగున తాళంచెవి

మా ఇంట్లో అత్తమ్మ ఎక్కడుందో వెతకాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. ఆమె కొంగు చివర ముడిలో బీరువా తాళంచెవి ఉండేది. వంగితే గిన్నెకు తగిలేది, కూర్చుంటే గచ్చుకు తగిలేది. నేను వంటింట్లో నిలబడి ఆ చప్పుడు విని చెప్పేదాన్ని, ఇప్పుడు నీళ్ల డ్రమ్ము మూత తీసింది, ఇప్పుడు గడప మీద కూర్చుంది, ఇప్పుడు పక్కింటామెతో మాట్లాడటానికి గోడ దగ్గరికి పోయింది అని. కోడలిగా ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ముప్పై ఏళ్లు ఆ చప్పుడుతోనే పొద్దు గడిచింది.

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నుంచీ ఇల్లు ఏదోలా ఉందనిపించింది. ఏం తక్కువైందో తెలియలేదు. ఫ్యాను తిరుగుతోంది, కుక్కరు కూస్తోంది, బయట కూరగాయల బండి మైకు అరుస్తోంది, అయినా ఇంట్లో ఎవరో లేనట్టుంది. సాయంత్రం అత్తమ్మ బీరువా ముందు నిలబడి కొంగు చివర అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే అప్పుడు తెలిసింది. ముడి విప్పి ఉంది. తాళంచెవి లేదు.

ఆ బీరువా గురించి కొంచెం చెప్పాలి. మామ నాచారంలో దారం తయారుచేసే కంపెనీలో పనికి కుదిరిన కొత్తల్లో, జనగామ దిక్కు ఊరి నుంచి వచ్చి ఒక్క గదిలో ఉన్నప్పుడు కొన్న బీరువా అది. గదిలో మంచానికి చోటు లేదు గానీ బీరువా కొన్నాడని అత్తమ్మ ఎప్పుడూ నవ్వుతూ చెప్పేది. ఆకుపచ్చ రంగు. తోపుడుబండి మీద తెస్తుంటే ఒక మూల గోడకు కొట్టుకుని సొట్ట పడింది. దానికి రెండు తాళంచెవులు వచ్చాయి. ఒకటి ఇల్లు మారినప్పుడు పోయింది. రెండోదే అత్తమ్మ కొంగున ఉన్నది. లోపల చిన్న లాకరు ఉంది గానీ దాని తాళంచెవి లోపలే మేకుకు వేలాడుతూ ఉంటుంది. పెద్ద తలుపు తెరిస్తే అన్నీ తెరిచినట్టే.

అందులో నగలేమీ లేవు. మామ జబ్బు పడ్డప్పుడే అవి దవాఖానాకు పోయాయి. అందులో ఉన్నది ఒక చీర. ఆ చీర సంగతి ఇంట్లో అత్తమ్మకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు.

అత్తమ్మకు ఒక్కడే అన్న. మామ పోయిన మూడో ఏడు, ఎండాకాలంలో, ఆయన ఉప్పల్‌లో బస్సు దిగి అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చాడు. అప్పటికే ఆయనకు ఒంట్లో బాగాలేదు. చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. నేను కోడికూర వండాను. తినడానికి కూర్చునే ముందే ఆ కవరులోంచి చీర తీసి చెల్లెలి ఒళ్లో పెట్టాడు. గోధుమ రంగు, పసుపు అంచు.

మా దగ్గర ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి మీద కప్పాలి. అత్తింటివాళ్లు ఎన్ని కప్పినా అది వేరే లెక్క, పుట్టింటి చీర పడందే పాడె లేవదు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నేను ముందుగాల్నే పోయేటట్టున్న చెల్లె. నా కొడుకులు తలా ఒక దిక్కు పడ్డరు. ఆ పొద్దుకు ఎవలకు యాదికుంటదో ఉండదో. నీది నీకు ఇచ్చి పోత."

అత్తమ్మ ఆయన్ను తిట్టింది. "బతికున్నదానికి సావు చీర తెస్తవారా నువ్వు, సిగ్గు లేదు" అని తిట్టి, కళ్లు తుడుచుకుని, ఆయన కంచంలో నా చేత ఇంకో గరిటె కూర ఎక్కువే వేయించింది. రెండు నెలలకే ఆయన పోయాడు. ఊరి నుంచి వచ్చిన రాత్రి అత్తమ్మ నన్ను పిలిచి బీరువా తెరిచి చూపించింది. "గిది మీదికెల్లి కప్పాలె. నీకొక్కదానికే చెప్తున్న. నా కొడుక్కు చెప్తె గిప్పట్నుంచే ఏడుస్తడు."

అంత నమ్మి చెప్పింది కాబట్టే, తాళంచెవి పోయినప్పుడు ఆమె అనుమానం నేరుగా నా మీదికే వచ్చింది. చీర ఉన్న సంగతి తెలిసిన రెండో మనిషిని నేనొక్కదాన్నే కదా.

అప్పటికి ఏడాదిగా అత్తమ్మకు మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు మర్చిపోవడం అందరికీ ఉండేదే. అత్తమ్మది అది కాదు. ఒకరోజు మామ డ్యూటీ నుంచి ఇంకా రాలేదేమని అడిగింది. ఇంకోరోజు మా ఆయన్ను చూసి, ఈ పెద్దమనిషి ఎవరని మెల్లగా నన్నే అడిగింది. డాక్టరు వయసు అన్నాడు, మాత్రలు రాశాడు, కోపం తెచ్చుకోకండి అన్నాడు. నేను తెచ్చుకోలేదు. కానీ తాళంచెవి పోయాక వచ్చిన మాటలకు మాత్రం నాకు వంటింట్లో కొళాయి తిప్పి ఏడ్చే పని పడింది.

"తాళంచెవి యాడ వెట్టినవ్?"

"నేను తియ్యలేదత్తమ్మా."

"మరి దానికి కాళ్లొచ్చినయా? నా అన్న చీర ఎవలకిచ్చినవ్?"

అన్నం నా చేతితో పెడితే తినడం మానేసింది. కొడుకు వచ్చి వడ్డిస్తే తినేది. పక్కింటామెతో గోడ దగ్గర అంటుంటే విన్నాను. "మా కోడలు మంచిదే. చెయ్యి ఒక్కటే మంచిది గాదు." పక్కింటామె నా వైపు చూసి కన్ను కొట్టింది, పట్టించుకోకు అన్నట్టు. ఆమెకు అది ముసలామె మాట. నాకు అది ముప్పై ఏళ్లు.

ఇల్లంతా వెతికాను. పిండి డబ్బా, బియ్యం డ్రమ్ము, దేవుడి గూడు, పరుపు కింద, పాత జాకెట్ల మూట, కుట్టుమిషను సొరుగు. తాళంచెవి లేదని తెలిసిన ముందురోజే మా బిడ్డ, పురుడు పోసుకుని మూడు నెలలు మా దగ్గరున్నది, పాపను తీసుకుని కాప్రాలో అత్తగారింటికి పోయింది. పాప, తల్లి, అత్తమ్మ, ముగ్గురూ ఒకే గదిలో పడుకునేవాళ్లు. ఆ గది మూలమూలా ఊడ్చి చూశాను. పాపవి నాలుగు గుడ్డపేలికలు, ఒక గిలక్కాయ దొరికాయి. ఇంకేం లేదు.

ఆ మూడు నెలల్లో అత్తమ్మ ఎంత సంతోషంగా ఉన్నదో చెప్పలేను. పేర్లు మర్చిపోయిన మనిషి పసిపాపకు నీళ్లు పోయడం మాత్రం మర్చిపోలేదు. పడక కింద ఇనుము ఉంటే పాప నిద్రలో ఉలిక్కిపడి జడుసుకోదని నేను అందరిలాగే చిన్న కత్తి పెడితే, గుచ్చుకుంటుందని నన్ను కసిరి తీసేసింది. వాళ్లు పోయే ముందు రాత్రి దాకా కూర్చుని తన పాత చీరలన్నీ మడిచి పాపకు బొంత కుట్టింది. సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తే, కుట్టు ఒక్కటీ వంకర పోలేదు.

ఇంతకీ బీరువా. సాయంత్రం అయ్యేసరికి అత్తమ్మ దాని ముందు చాప వేసుకుని కూర్చునేది. హ్యాండిలు పట్టుకుని లాగేది. రాకపోతే తలుపుకు చెవి ఆనించేది. మా ఆయన అది చూడలేక ఫోనులో వెతికి ఎవరితోనో మాట్లాడాడు.

"డ్రిల్లు వెట్టి పది నిమిషాల్ల తెరుస్తడంట. కొత్త తాళం గూడ వాడే వేస్తడంట. రేపు రమ్మంటున్న."

అత్తమ్మ ఆ మాట విన్నది. లేచి బీరువాకు వీపు ఆనించి నిలబడింది. చేతులు రెండు పక్కలకు చాపింది, పిల్లను దాచినట్టు. "నా మొగడు కొన్న బీరువను తూట్లు పొడుస్తరా? నా మీదికెల్లి పోండ్రి."

నేనూ వద్దన్నాను. మా ఆయనకు అర్థం కాలేదు. "నీకు కావల్సింది గూడ అదే గద. తెరిస్తె నువ్వు తియ్యలేదని తెలుస్తది."

"పగలగొట్టి తెరిస్తె, అప్పుడే తీసిన్రు అంటది" అన్నాను. "తాళం తాళం లెక్క తెరవాలె. ఆమె ముంగటనే తెరవాలె."

తెల్లారి హబ్సిగూడలో ఆటో మారి ఉప్పల్ పోయాను. రింగురోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల పక్కన, ఒక చిన్న గోడ వారకు చెక్కపెట్టె పెట్టుకుని కూర్చునే ముసలాయన ఒకడుంటాడు. తలమీద గొడుగు, వెనుక తీగకు గుత్తులు గుత్తులుగా తాళంచెవులు. చాలా ఏళ్ల కింద మా ఆయన బండి తాళంచెవి పోతే ఆయనే చేసిచ్చాడు. అందరూ చాచా అంటారు. రోడ్లు తవ్వినప్పుడల్లా ఆయన గొడుగు చోటు మారుతుంది గానీ ఆయన ఉంటాడు. నేను పోయేసరికి ఆకురాయితో ఏదో రుద్దుతున్నాడు.

"చాచా, ఇనుప బీరువ తెరవాలె. చాబీ పోయింది."

"ఎవలది బీరువ?"

"మా అత్తమ్మది."

"ఆమె ఉన్నదా?"

"ఉన్నది."

"తెరవమన్నదా?"

"తెరవమంటది. నన్ను ముట్టుకోవద్దంటది."

ఆకురాయి ఆపి నవ్వాడు. "రెండు అంటదా. మంచిగుంది." ఇంకాసేపు రుద్ది, ఊది, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి అప్పుడు చెప్పాడు. "జర ఇను బిడ్డా. మా వస్తాదు నాకు పని నేర్పుకుంట రెండు మాటలు చెప్పిండు. తాళం ఎవలదో వాళ్ల మొఖం సూడకుంట పెట్టె ముట్టద్దు. ఇగ చాబీ తయారైనంక తెరిచే తిప్పుడు వాళ్ల చెయ్యే తిప్పాలె. నా చెయ్యి తిప్పితె నేను తెరిసినట్టు. వాళ్ల చెయ్యి తిప్పితె వాళ్లు తెరిసినట్టు."

"ఆమె ఒప్పుకోకపోతె?"

"చాయి తాగి వస్త. చాయి పోస్తవ్ గద?"

మరునాడు పొద్దున పదింటికి పాత మోపెడ్ మీద వచ్చాడు. చెప్పులు బయట విడిచి, పెట్టె గడప పక్కన పెట్టి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. అత్తమ్మ చాప మీద నుంచి చూసింది.

"ఎవలయ్యా నువ్వు?"

"చాబీలు చేస్తనమ్మా. ఉప్పల్ల కూసుంట."

"మా కోడలు పిలిసిందా?"

"పిలిసింది."

"ఇంట్ల దొంగ సాలలేదని బయటికెల్లి ఇంకొకన్ని పిలిసిందా?"

నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆయన మాత్రం తాపీగా గడప మీద కూర్చున్నాడు. "నలభై ఏండ్లసంది తాళాలు తెరుస్తున్ననమ్మా. దొంగనైతె గీ మోపెడ్ మీద ఎందుకొస్త, కార్ల రానా?"

అత్తమ్మ మూతి బిగించింది గానీ కళ్లలో కొంచెం నవ్వు కదిలింది. నేను చాయి ఇచ్చాను. ఆయన ఊదుకుంటూ తాగుతూ బీరువాను దూరం నుంచే చూశాడు.

"మంచి ఇనుము. గిసొంటియి ఇప్పుడొస్తలేవు. గా సొట్ట ఎట్ల పడ్డదమ్మా?"

"బండోడు గోడకు కొట్టిండు. మా ఆయన వాన్ని కొట్టనే వోయిండు, నేనే ఆపిన."

"మంచి పని చేసినవ్. లోపల ఏమున్నది?"

"నీకెందుకు?"

"నాకేమద్దు. ఎంత నిమ్మలంగ చెయ్యాల్నో ఎరికుండాలె గద."

అత్తమ్మ చాప అంచు దారం పీకుతూ కూర్చుంది. తర్వాత, "మా అన్న ఉన్నడు" అంది.

చాచా చాయి గ్లాసు కింద పెట్టాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను గానీ ఆయన చేయి ఎత్తి నన్ను ఆపాడు. "గట్లనా" అన్నాడు. "అయితె ఆయన నిద్ర చెడకుంట మెల్లగ తెరుస్త. నువ్వు పక్కనే కూసో. నువ్వు ఆగమంటె ఆగుత."

అత్తమ్మ చాప కొంచెం జరిపి ఆయనకు చోటు ఇచ్చింది.

ఆయన పని చేసే తీరు నేను అంతకుముందు చూడలేదు. పళ్లు లేని ఖాళీ తాళంచెవి ఒకటి తీశాడు. కొవ్వొత్తి వెలిగించి దాని మంట మీద ఆ తాళంచెవిని మసిబారేదాకా తిప్పాడు. మసి పట్టినదాన్ని మెల్లగా తాళంలో పెట్టి, బలంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు మెదిలించి బయటికి తీశాడు. భూతద్దం పెట్టి చూస్తే మసి మీద అక్కడక్కడ చీమ కాలంత గీతలు. తాళం లోపల అడ్డం పడే రేకులు అలా గుర్తు చెబుతాయట. ఎక్కడ గీత పడితే అక్కడ ఆకురాయితో రెండు రుద్దులు. మళ్లీ మసి, మళ్లీ తాళం, మళ్లీ భూతద్దం.

అత్తమ్మ ఒక్క క్షణం కన్ను తిప్పలేదు. మూడోసారికి కొవ్వొత్తి తనే పట్టుకుంది. అయిదోసారికి, "గాడ ఇంకో గీత ఉన్నది సూడు" అని చూపించింది.

"నీ కండ్లు నాకన్న మంచిగున్నయమ్మా."

"కండ్లు మంచిగనే ఉన్నయి. మతే మంచిగ లేదు" అంది అత్తమ్మ.

ఆ మాట ఆమె నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఆమెకు తెలియదనుకున్నాను. గోడకు ఆనుకుని నిలబడ్డదాన్ని అక్కడే కూర్చుండిపోయాను.

రెండు గంటలు పట్టింది. నేను అన్నం వండడం మర్చిపోయాను. చివరికి ఆయన తాళంచెవిని గుడ్డతో తుడిచి అత్తమ్మ చేతిలో పెట్టాడు. "ఇగ నీ పని. తిప్పు."

అత్తమ్మ లేచి తాళంలో పెట్టి తిప్పింది. సగం తిరిగి ఆగింది. ఇంకొంచెం బలం పెట్టింది. కదల్లేదు. బయటికి తీసి చేతిలో అటూ ఇటూ చూసుకుంది. ఆమె ముఖం మారిపోవడం నాకు కనిపించింది.

"గిది మాది గాదు. గిది దొంగ తాళంచెవి." నా వైపు తిరిగింది. "అసలుది నీ దగ్గరనే ఉన్నది."

చాచా తాళంచెవి తీసుకుని, మళ్లీ మసి పట్టి, తాళంలో మెదిలించి చూశాడు. కొత్త గీత ఒక్కటీ లేదు. ఆయన నాతో మెల్లగా అన్నాడు. "చాబీ సరిగ్గనే ఉన్నది బిడ్డా. తలుపు కుంగింది. ఇన్నేండ్లు ఒక్క చెయ్యే తెరిసింది గద, ఈ తాళం ఆ చెయ్యికే అలవాటు వడ్డది. ఆమె ఏదో ఉపాయం చేస్తుండె. ఏమో యాదికుందా నీకు?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడు విన్నాను గానీ ఆమె బీరువా తెరుస్తుంటే దగ్గరికి పోయి చూడలేదు. కోడలు అలా చూడకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే పోలేదు.

"ఎట్ల తెరుస్తుంటివమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"ఎట్ల తెరుస్తరు? తిప్పుతె తెరుసుకుంటది."

ఆయన తల ఊపాడు. తాళంచెవి మళ్లీ ఆమె చేతిలో పెట్టి, తను వెనక్కి జరిగి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు, ఇంక పోయేవాడిలా. సర్దుతూనే అడిగాడు. "మీ అన్న ఏం పని చేస్తుండె?"

"గొర్లు కాస్తుండె" అంది అత్తమ్మ, తాళంచెవి వైపు చూస్తూ.

"ఎన్ని గొర్లు?"

"మస్తుండె. ఒక్కోదానికి ఒక్కో పేరు వెడుతుండె. నన్ను గూడ ఓ గొర్రె పేరుతోనే పిలుస్తుండె." ఆమె బీరువా వైపు తిరిగింది. "ఆఖర్లకు వచ్చినప్పుడు గీ ఉప్పల్ల దిగిండు. ఎండ. నాచారం ఎటని అడిగితె ఒకడు అంబర్‌పేట్ దిక్కు చూపిచ్చిండట. ఆడిదాక నడుసుకుంట వోయి మల్ల ఎనుకకు వచ్చిండు. చీర సంకలనే ఉన్నది. కూసుంటె మాసిపోతదని యాడ గూడ కూసోలేదట."

అంటూ ఉండగానే తాళంచెవి తాళంలోకి పోయింది. ఎడమ అరచేయి హ్యాండిలు పైన తలుపుకు ఆనింది. కుడి మోకాలు కింద సొట్ట పడ్డ మూలను లోపలికి నొక్కింది. తాళంచెవి ఒక నూలుపోగంత పైకి లేచింది. ఇవేవీ ఆమె చూసుకోలేదు. ఆమె అన్న ఎండలో నడిచి వస్తున్నాడు, ఆమె అక్కడే ఉంది.

"నీళ్లిస్తె చెంబెడు ఒక్క గుక్కల తాగిండు" అంటుండగా టక్కుమంది.

అత్తమ్మ ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది. తలుపు తనంతట తానే జానెడు తెరుచుకుంది. కలరా ఉండల వాసన, ఎండిన వేపాకు వాసన బయటికి వచ్చాయి.

చాచా బీరువా వైపు చూడలేదు. పెట్టె మూత వేసి బయటి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మేకు మీద లాకరు తాళంచెవి అలాగే ఉంది. అత్తమ్మ తీసింది, చిన్న తలుపు తెరిచింది. మామ పాత తువ్వాలలో చుట్టి చీర అలాగే ఉంది. మడత విప్పలేదు. పసుపు అంచు ఒక వేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను దగ్గరికి పోలేదు. మూడు వారాలుగా ఆ తలుపు ముట్టొద్దన్న మనిషి, ఆమె పిలవకుండా పోవడం నాకు చేతకాలేదు.

చీర పట్టుకుని లోపలి అరలో ఏదో సర్దబోయింది. రెండు చేతులూ కావలసి వచ్చాయి. చుట్టూ చూసింది. నేను కనిపించాను.

"ఏమే, గట్ల నిలవడి చూస్తవేంది. జర పట్టుకో."

నేను రెండు చేతులూ చాపాను. ఆమె చీర నా చేతుల్లో పెట్టింది. వేపాకు దులిపింది, తువ్వాల మడత సరిచేసింది, మళ్లీ నా చేతుల్లోంచి తీసుకుని లోపల పెట్టింది. తప్పయిందని అనలేదు, అనాలని నాకూ లేదు. తనే తాళం వేసి, తనే కొత్త తాళంచెవిని కొంగుకు ముడి వేసుకుంది. రెండు ముళ్లు.

"ఇంకో చాబీ చెయ్యాల్నా? గిది పోతె కావాలె గద" అని చాచా నన్ను అడిగాడు.

"ఏమద్దు" అంది అత్తమ్మ. "నేనేం పోగొట్టుకోను."

చాచా నా వైపు చూశాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను. ఆయన అడిగిన డబ్బు ఇచ్చాను. మోపెడ్ దగ్గర నిలబడి ఆయన మెల్లగా అన్నాడు, "పోతె మల్ల రా. చాయి మంచిగ పోసినవ్."

ఆ మధ్యాహ్నం ఆలస్యంగా అన్నం, పప్పు చేశాను. కంచంలో పెట్టి అత్తమ్మ ముందు ఉంచి పక్కకు జరిగాను, మా ఆయన వచ్చాక తింటుందని. ఆమె కలుపుకుని ముద్ద పెట్టుకుంది. "ఉప్పు తక్కువైంది" అంది. మూడు వారాల తర్వాత నా వంటకు వచ్చిన మొదటి మాట అది. ఉప్పు డబ్బా తేవడానికి వంటింట్లోకి పోయి కొంచెంసేపు అక్కడే ఉండిపోయాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నెల తర్వాత కాప్రా నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మా, నానమ్మ కుట్టిన బొంత ఉతుకుదామని తీసిన. నడుమల ఏదో గట్టిగ తాకింది. కుట్టు ఇప్పి చూస్తె చాబీ. మన బీరువది కాదా?"

కూరగాయల కత్తి కింద పెట్టాను. నాకు ఒక్కసారిగా అంతా కనిపించింది. నేను పెట్టిన కత్తిని ఆమె తీసేయడం, గుచ్చుకుంటుందని కసరడం. కానీ పసిపాప పడక కింద ఇనుము లేకుండా ఎలా ఉంచుతుంది? గుచ్చుకోని ఇనుము ఇంట్లో ఏముంది అని చూసుకుని ఉంటుంది. జారిపోకుండా బొంత పొరల మధ్య పెట్టి కుట్టేసింది. కుట్టినప్పుడు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నేనే.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ అమ్మకు చెప్పు. ఎన్ని మాటలు వడ్డవ్. నువ్వు తియ్యలేదని ఇప్పుడన్న తెలువనియ్యి."

నేను కోరుకున్నది అదే. ఆ మూడు వారాలు ప్రతి పూటా, తాళంచెవి ఎక్కడైనా దొరకాలి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి, చూడు అనాలి అని ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో. ఆ మాటలు కూడా తయారుగా ఉండేవి నా దగ్గర. ఇప్పుడు తాళంచెవి దొరికింది. అత్తమ్మ గడప మీద కూర్చుని తోటకూర గిల్లుతోంది. గిల్లిన కాడ పక్కన పడేసినప్పుడల్లా కొంగు కదిలి కొత్త తాళంచెవి గచ్చుకు తగులుతోంది. చప్పుడు పాతదానికంటే కొంచెం సన్నగా ఉంది. అలవాటైపోయింది.

చెబితే ఏమవుతుంది? అయ్యో అనుకుంటుంది. కోడల్ని అన్ని మాటలు అన్నానా అనుకుంటుంది. సాయంత్రానికి ఏం తప్పు చేసిందో మర్చిపోతుంది, బాధ మాత్రం ఉండిపోతుంది. ఆమె మతిమరుపు ఎలాంటిదో అప్పటికి నాకు తెలిసింది.

మళ్లీ కాప్రాకు ఫోన్ చేశాను. "పాప నిద్రల జడుసుకుంటున్నదా?"

"ఏం లేదు. మంచిగ పడుకుంటున్నది."

"అయితె బొంత ఉతికి ఆరినంక అది మల్ల ఆన్నే పెట్టి కుట్టు. గట్టిగ కుట్టు."

"చాబీ ఇయ్యనద్దా మీకు?"

"కావాల్నంటె వచ్చి పాపను లేపి తీస్కుంట."

ఫోను పెట్టేసి బయటికి వచ్చాను. అత్తమ్మ తోటకూర పళ్లెం నా వైపు జరిపింది.

"ఎవలు ఫోన్ల?"

"నీ మనుమరాలు. పాప మంచిగ పండుకుంటున్నదట. జడుసుకుంట లేదట."

"ఎందుకు జడుసుకుంటది?" అంది అత్తమ్మ ఇంకో కాడ గిల్లుతూ. "కింద ఇనుము వెట్టిన గద."

ఏం ఇనుమని నేను అడగలేదు. పళ్లెం తీసుకుని లోపలికి పోయాను.